రాతివైద్యుడి శిష్యుడు

మబ్బుల కడుపులను ఒరుసుకుంటూ నిలిచిన కాకోలగిరి శిఖరం మీద, తుమ్మెద రెక్కల రంగు రాళ్లతో కట్టిన కోట ఒకటి ఉంది. ఉదయపు ఎండ ఆ గోడల మీద పడి మెరవదు, ఇంకిపోతుంది. బురుజు బురుజుకూ పట్టపగలే కళ్లు విప్పుకొని కూర్చున్న గుడ్లగూబలు, ద్వారాల మీద వేలాడే ఏనుగు పుర్రెలు, గాలి వీచినప్పుడల్లా ఆ పుర్రెల కంటి గూళ్లలోంచి వచ్చే సన్నని ఊళ. అదే ఉలూకాక్ష మాంత్రికుడి నివాసం. కోట చుట్టూ ఉన్న కందకంలో నీళ్లుండవు. పసుపుపచ్చని బురద గోరువెచ్చగా బుడగలు వేస్తూ ఉంటుంది.

ఆ బురదలో కంఠం దాకా మునిగి, ముత్యాల వర్తకుడి పట్టు తలపాగా ఒక చెవి మీదికి జారిపోగా, మరాళదేశపు యువరాజు శరభాంకుడు పళ్లు నూరుతున్నాడు.

ఇది మూడో ఓటమి. తూర్పు ద్వారానికి అతనూ, తోడు వచ్చిన బసివన్నా సన్యాసులై వెళ్లారు. వాళ్లు జోలె దించకముందే అక్కడి కావలి భూతం “దొంగ సన్యాసులు వచ్చారు” అని నవ్వి, ఇద్దరినీ కొండ మీంచి దొర్లించింది. పడమటి ద్వారానికి గడ్డిమోపు బండిలో దాక్కొని వెళ్లారు. బండి ఆగీ ఆగకముందే మోపుల్లోకి బల్లేలు దిగాయి. ఇప్పుడు దక్షిణ ద్వారం. కొమ్ముల తల కావలివాడు గుమ్మంలో కాళ్లు బారచాపుకొని కూర్చుని, వీళ్లు నోరు తెరవకముందే వీళ్ల మాటలు వీళ్లకే అప్పజెప్పాడు. “వైదూర్యద్వీపం వర్తకులం, దారిలో ఓడ మునిగింది, అంటారు. ఆ తర్వాత ఈ ముసలాయన దగ్గుతాడు. ఏదీ, దగ్గు” అన్నాడు. బసివన్న బిత్తరపోయి నిజంగానే దగ్గాడు. మరుక్షణం ఇద్దరూ బురదలో ఉన్నారు.

గట్టు మీదికి పాక్కుంటూ చేరాక శరభాంకుడు నోట్లోని బురద ఉమ్మేశాడు.

“నిన్న సాయంత్రం మనం అనుకున్న మాటలే. అక్షరం తేడా లేదు. నువ్వు ఎవరికైనా చెప్పావా?”

“ఎవరికి చెప్తాను బాబూ, కప్పలకా?” అన్నాడు బసివన్న, గడ్డంలోని బురద పిండుకుంటూ.

బసివన్న పగటివేషగాడు. ఊరూరా తిరిగి, పగటిపూట వీధుల్లో రకరకాల వేషాలు కట్టి, ఎదురుపడ్డవాళ్లతో అప్పటికప్పుడు మాట కలిపి నవ్వించి పొట్ట పోసుకునే మనిషి. అతని తమ్ముడు సిద్ధన్నా అంతే. అన్నదమ్ములిద్దరూ మరాళదేశపు కొలువులో వేషం ఆడుతున్న రోజునే ఉలూకాక్షుడు జ్యోతిష్కుడిలా వచ్చి, శరభాంకుడి అక్క, రాణి కల్హారదేవిని సింహాసనం మీదే రాయిగా మార్చేశాడు. సభంతా కొయ్యబారి చూస్తూ ఉండగా సిద్ధన్న ఒక్కడే ఉరికి మాంత్రికుడి గడ్డం పట్టుకు లాగాడు. మాంత్రికుడు అతన్ని చంకలో ఇరికించుకుని ఎగిరిపోయాడు. కాకోలగిరి కోటలో శిలాద్రావకం అనే మందు ఉందనీ, అది చల్లితే రాయి మళ్లీ మనిషవుతుందనీ దేశమంతా చెప్పుకుంటారు. దాని కోసమే ఈ పాట్లన్నీ. యువరాజు బయలుదేరిన నాటికి రాణి కనురెప్పలు మాత్రం ఇంకా ఆడుతున్నాయి. అవి కూడా ఆగిపోతే ఏ మందూ పనిచేయదన్నారు ఆస్థాన వైద్యులు.

“అంజనం,” అన్నాడు బసివన్న ఉన్నట్టుండి. “వాడు రోజూ పొద్దున్నే అంజనం వేసి చూస్తాడు బాబూ. మా తాత చెప్పేవాడు. అంజనంలో మొహాలు కనపడవు, తలపులు కనపడతాయట. మనం ముందుగా ఏది అనుకుంటే అది వాడికి తెల్లారేసరికల్లా కాటుకలో తేలుతుంది.”

“అనుకోకపోతే?”

“అనుకోకపోతే ఏముంటుంది, ఒట్టి కాటుక.”

శరభాంకుడు తలపాగా తీసి బురదలోకి విసిరికొట్టాడు. పన్నెండు రకాల వ్యూహాలు నేర్చినవాడు. ఏ పని చేసినా ముందు ఇసుకలో గీత గీసి, గవ్వలు పేర్చి చూసుకోనిదే అడుగు వేయడు. అలాంటివాడిని ఏమీ అనుకోకుండా శత్రువు గుమ్మంలోకి వెళ్లమనడం, కళ్లకు గంతలు కట్టి కత్తియుద్ధం చేయమన్నట్టే ఉంది.

“సరే, ఇక ఉన్నది ఉత్తర ద్వారం. ఏమీ అనుకోకుండానే వెళ్దాం,” అన్నాడు.

“మీకు రాదు.”

“నేర్పు.”

“ఏం నేర్పను బాబూ? ఇది పద్యమా, వల్లె వేయించడానికి? సిద్ధిగాడు ఒక మాట అందించేవాడు, నేను అందుకునేవాణ్ణి. వాడేమంటాడో నాకు తెలీదు. నేనేం చేస్తానో వాడికి తెలీదు. ముప్పయ్యేళ్లు అట్లాగే గడిచిపోయింది. ఎట్లా చేశావంటే నేనేం చెప్పను?” బసివన్న గొంతులో విసుగు, దాని కింద ఇంకేదో ఉంది. “నిజం చెప్పాలంటే వాడు లేకపోతే నాకూ రాదు. ఈ మూడుసార్లూ చూశారుగా. నేను చేసిందల్లా దగ్గడం.”

ఉత్తర ద్వారానికి పోయే దారి కొండ చుట్టూ తిరిగి వెళ్తుంది. దారిలో గానుగవాళ్ల పేట ఒకటి వచ్చింది. ఆకలి దహించుకుపోతోంది. ఒక ఇంటి ముందు గానుగ తిప్పుతున్న ఇల్లాలిని చూసి బసివన్న చేతులు జోడించాడు.

“అమ్మా, మా అబ్బాయి పాముల వాసన పడతాడు. మీ గానుగ కింద నాగుబాము ఉందంటున్నాడు.”

ఆమె ఎద్దును ఆపి, భయంగా యువరాజు వైపు చూసింది. “నిజమేనా నాయనా?”

“లేదమ్మా. నాకు పాముల సంగతేమీ తెలియదు,” అన్నాడు శరభాంకుడు.

ఆమె ఇద్దరినీ ఎగాదిగా చూసి చేటతో తరిమింది. వీధి మలుపు తిరగగానే బసివన్న ఆగి నిలబడ్డాడు.

“కాదన్నారంటే ఆట అక్కడే చచ్చిపోతుంది బాబూ. ఇచ్చింది పుచ్చుకోవాలి. పాము అంటే పామే.”

“అబద్ధం ఎలా పుచ్చుకోను?”

“ముత్యాల వర్తకుణ్ణి అన్నప్పుడు అబద్ధం కాలేదా?”

“అది ముందుగా అనుకున్న అబద్ధం.”

బసివన్న నెత్తి కొట్టుకున్నాడు. తర్వాతి ఇంటి దగ్గర శరభాంకుడు తానే ముందుకు వెళ్లాడు. దారి పొడుగునా రహస్యంగా కూర్చుకున్న హస్తసాముద్రికుడి మాటలు గడగడా చదివాడు. వింటున్న ముసలమ్మ మధ్యలో “నాకు అరచెయ్యే లేదు నాయనా, ఎప్పుడో గానుగలో పోయింది” అని మొండి చెయ్యి చూపించింది. అతను వినిపించుకోకుండా “మీ ఆయుష్షు రేఖ దివ్యంగా ఉంది” అంటూ సాగించాడు. ఈసారి కుడితి పడింది నెత్తిన.

“ఆమె చెయ్యి చూపించింది,” అన్నాడు బసివన్న నెమ్మదిగా. “మీరు చూళ్లేదు. మీ కళ్లు మీ మాటల్లోనే ఉన్నాయి.”

శరభాంకుడు చెవిలోంచి కుడితి దులుపుకుని నడిచాడు.

పేట వెనుక ఎముకల కొండచరియ. మానుల బదులు నేలలోంచి నిలువునా పొడుచుకొచ్చిన తిమింగలాల పక్కటెముకలు, వాటికి తీగల్లా అల్లుకున్న పాము కుబుసాలు, పాదం పడ్డచోటల్లా పిండయ్యే గవ్వలు. సగం దూరం పోయారో లేదో ఎండ చటుక్కున మాయమైంది. తలెత్తేలోపల గండభేరుండం ఒకటి పెనుగాలి రేపుతూ దిగి, రెండు తలలతో రెండువైపులా అరుస్తూ బసివన్నను కాలిగోళ్ల మధ్య బిగించింది.

శరభాంకుడు కత్తి దూశాడు. పక్షిరాక్షసుల మీద వాడవలసిన ఊర్ధ్వఖండన విధానం అతనికి కంఠతా వచ్చు. సరిగ్గా గురువులు చెప్పిన చోట, చెప్పిన కోణంలో కొట్టాడు. కత్తి పిడి దగ్గరికి విరిగి ఎముకల్లోకి ఎగిరిపడింది. పక్షి రెండో కాలు అతని నడుం చుట్టూ బిగుసుకుంది. రెక్కలు విప్పి లేచింది. నేల కిందికి జారిపోయింది.

“ఓ ఎడమతల్లీ,” అని కేక పెట్టాడు బసివన్న, గాలిలో వేలాడుతూనే. “మమ్మల్ని కుడితలకిచ్చేస్తున్నావా? ఎంత మంచిదానివమ్మా.”

ఎడమతల ఠక్కున కిందికి వంగి చూసింది. ఇదేం పిచ్చి మాట అనుకున్నాడు శరభాంకుడు. అనుకునేసరికే బసివన్న కళ్లు అతని వైపు తిరిగాయి. ఆ చూపులో ఏదో చాచిన చెయ్యి లాంటిది ఉంది. యువరాజుకి ఏమీ తోచలేదు. తోచకముందే నోరు మాత్రం కదిలింది.

“నిన్న దొరికిన దున్నపోతును కూడా అంతేగా,” అన్నాడు. “మొత్తం కుడితలే తిన్నదట. కింద గానుగపేటలో అందరూ చెప్పుకుంటున్నారు.”

“పేటలో చెప్పుకునేది ఒకటే అయితే బాగుండును బాబూ. ఎడమతలకి బుర్ర తక్కువని కుడితలే అందరికీ చెప్తోందట.”

“నేను చెప్పలేదు,” అంది కుడితల కీచుగా.

“చూశావా, అడక్కుండానే ఒప్పుకుంది,” అన్నాడు శరభాంకుడు.

ఎడమతల కుడితల మెడ పట్టుకుంది. రెక్కలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. పక్షి బొంగరంలా గిరగిరా తిరుగుతూ దిగిపోయింది. గోళ్లు విడిపోయాయి. ఇద్దరూ ఎముకల మీద ఎగిరిపడి, దొర్లుకుంటూ వచ్చి ఒక గడ్డివాలులో ఆగారు. లేచి చూస్తే ఎదురుగా ఉత్తర ద్వారం.

“దున్నపోతు ఎక్కణ్ణుంచి వచ్చింది?” అన్నాడు బసివన్న ఆయాసంతో.

“తెలియదు,” అన్నాడు శరభాంకుడు. తెలియకపోవడం అతనికి ఇంకా కోపంగానే ఉంది. విరిగిన కత్తిపిడిని దూరంగా గిరాటు వేశాడు.

ఉత్తర ద్వారం దగ్గర లంబోష్ఠి అనే రాక్షసి కావలి. కింది పెదవి గుండెల మీదికి వేలాడుతూ, బండిచక్రమంత రోట్లో తమలపాకులు దంచుకుంటోంది. దారికి అటూ ఇటూ రాయిగా మారిన మనుషులు బారులు తీరి ఉన్నారు. కొందరు పరుగెత్తబోతూ, కొందరు చేతులు అడ్డం పెట్టుకుని, ఒక ముసలి రాజు కిరీటం సర్దుకుంటూ.

“ఎవర్రా అది?” అంది లంబోష్ఠి రోకలి ఆపి. “పొద్దున దొర అంజనం చూసి, ఇయ్యాళ ఈ వాకిలికి ఎవరూ రారన్నాడే.”

బసివన్న జవాబు చెప్తాడని శరభాంకుడు ఎదురుచూశాడు. తిరిగి చూస్తే బసివన్న వరుస చివర ఒక రాతిమనిషి ముందు ఆగిపోయి ఉన్నాడు. రాతిమనిషి ఒక చెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించి, ఎవరి గడ్డమో లాగుతున్నట్టు పళ్లు ఇకిలించి ఉన్నాడు. సిద్ధన్న. బసివన్న చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి. వేషమూ లేదు, మాటా లేదు.

“ఆ ముసలాడు ఎందుకేడుస్తున్నాడు?” లంబోష్ఠి లేచి నిలబడింది. ఆమె నీడ ఇద్దరినీ కప్పేసింది.

శరభాంకుడి తలలో ఏమీ లేదు. ఒక్క క్షణం గడువిస్తే ఒక మాట కూర్చుకునేవాడు. ఆ క్షణం ఎవరూ ఇవ్వలేదు. మూడు ద్వారాల దగ్గర తిన్న దెబ్బలు, కుడితి, బురద, విరిగిన కత్తి అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

“ఏడవక ఏం చేస్తాడు?” అన్నాడు కసురుతున్నట్టుగా. “ఈ రాయికి జబ్బు చేసింది.”

ఆ మాట విని లంబోష్ఠి కంటే అతనే ఎక్కువ ఉలిక్కిపడ్డాడు.

“రాయికి జబ్బేమిటి?”

“మోచెయ్యి చూడు.”

ఆమె వంగింది. “పాచి కదా అది.”

కాదనబోయి శరభాంకుడు ఆగాడు. “పాచే. పాచి పట్టాలంటే తడి ఉండాలి. రాయి లోపల తడి ఎందుకు పుడుతుంది?”

“ఎందుకు పుడుతుంది?” అంది లంబోష్ఠి, గొంతు తగ్గించి.

శరభాంకుడు బసివన్న వైపు తిరిగాడు. “గురువుగారూ,” అన్నాడు. అంతకంటే ఏమీ అందించలేకపోయాడు.

బసివన్న ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు. చెయ్యి దించేసరికి ఆ మొహం వేరే మనిషిది.

“ఒరేయ్ శుంఠా, రోగం గురించి వాకిట్లో అరవొద్దని ఎన్నిసార్లు చెప్పాను? పక్క రాళ్లు వింటే బెంబేలెత్తవూ?” అని గదిమి, సిద్ధన్న రాతిగుండె మీద చెవి ఆనించాడు. చాలాసేపు ఆనించే ఉంచాడు. ఆటకు కావలసినదానికంటే ఎక్కువసేపు. తల ఎత్తినప్పుడు పెదవులు పాలిపోయి ఉన్నాయి.

“నాడి ఉంది,” అన్నాడు.

అది వేషమో నిజమో శరభాంకుడికి అర్థం కాలేదు.

లంబోష్ఠి అప్రయత్నంగా తన మోకాలు తడుముకుంది. “నాకూ మొన్నటినుంచి ఇక్కడ పట్టేసినట్టు ఉంది. నాకంటిందంటావా?”

“చూడందే ఎట్లా చెప్తామమ్మా,” అన్నాడు బసివన్న. “ఎంతమందికి అంటిందో లోపల కూడా చూడాలి.”

“నా సంగతి తర్వాత. ముందు దొర...” అని ఆమె నాలుక కరుచుకుంది. చుట్టూ చూసి, ఇద్దరినీ చెరో చేత్తో ఎత్తుకుని కోటలోకి నడిచింది.

లోపలి సభామండపం చూస్తే కళ్లు చెదిరాయి. నాగమణులు పొదిగిన స్తంభాలు ఆకుపచ్చని వెలుగు కక్కుతున్నాయి. నేలంతా పొగరంగు స్ఫటికం. దాని కింద చేపలు ఈదుతున్నాయి. నెమలికన్నుల పందిరి కింద ఎత్తైన పీఠం మీద ఉలూకాక్షుడు కూర్చుని ఉన్నాడు. కళ్లు గుండ్రంగా, రెప్ప వాల్చకుండా. ఎడమ చెయ్యి ముంజేతి దాకా నల్లపట్టు చుట్టి ఉంది.

బురద అట్టకట్టిన ఇద్దరి మొహాలనూ అతను పోల్చుకోలేదు. “రాతివైద్యులట,” అన్నాడు. “నా మీదికి వచ్చేవాళ్ల తలపు ఏదైనా నా అంజనంలో పడుతుంది. మీది పడలేదు. ఎందుకు?”

ఈసారి బసివన్న అందుకున్నాడు. “రోగి తలుచుకుంటే వైద్యుడు వస్తాడు దొరా. ఆ తలపు మీది. మీ తలపు మీ అంజనంలో మీకే కనపడుతుందా ఏమిటి?”

గుడ్లగూబ కళ్లు మొదటిసారి రెప్ప వాల్చాయి. మాంత్రికుడు లంబోష్ఠిని గుమ్మం దగ్గరే ఉండమని సైగ చేసి, పట్టుగుడ్డ విప్పాడు. వేళ్లు, అరచెయ్యి, మణికట్టు అన్నీ నల్లరాయి. రాయికీ చర్మానికీ మధ్య ఎర్రని గీత ఒకటి నిప్పుకణికలా రగులుతోంది.

“మీ దగ్గర శిలాద్రావకం ఉండాలి కదా,” అన్నాడు శరభాంకుడు.

“ఆ మాట పుట్టించింది నేనే,” అన్నాడు ఉలూకాక్షుడు. “దాని మీద ఆశతో వచ్చినవాళ్లే బయట వరసగా నిలబడ్డవాళ్లు. అలాంటి మందు లేదు.”

లేదు. నదులు ఈది, కొండలు ఎక్కి, బురద మింగి వచ్చింది లేని మందు కోసం. యువరాజు చెయ్యి తనంత తానే నడుము దగ్గరికి పోయింది. అక్కడ ఖాళీ ఒర తగిలింది. చేతికి అందిన దీపపు సెమ్మె ఎత్తి ఆ గుండ్రని తల పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. గుమ్మంలో లంబోష్ఠి రోకలి నేలకు ఆనించి నిలబడి ఉంది.

“దీపాలు పెట్టేవేళకు ఒక్క వేలైనా వంగాలి,” అన్నాడు మాంత్రికుడు. “వంగకపోతే వరసలో ఇంకో ఇద్దరికి చోటుంది.”

బసివన్న గొంతు సవరించుకున్నాడు. అతనూ ఖాళీ అయిపోయాడని శరభాంకుడికి ఆ చప్పుడులోనే తెలిసింది. “మా శిష్యుడు చెయ్యి చూస్తాడు దొరా,” అన్నాడు బసివన్న, పక్కకు తప్పుకుంటూ.

మళ్లీ నా మీదికే నెట్టాడు, అనుకున్నాడు శరభాంకుడు. వెళ్లి పీఠం ముందు మోకాళ్ల మీద కూర్చుని రాతిచేతిని పట్టుకున్నాడు. చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి అడిగాడు.

“ఎప్పుడు మొదలైంది?”

“మరాళదేశపు రాణిని రాయి చేసిన రోజు.”

అతని వేళ్లు ఆ మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. రాయి కాబట్టి మాంత్రికుడికి తెలియలేదు. శరభాంకుడు కళ్లెత్తి ఆ మొహంలోకి చూశాడు. గానుగ ముసలమ్మ మొండి చెయ్యిని చూడకుండా వదిలేసినట్టు దీన్ని వదలకూడదనుకున్నాడు. మాంత్రికుడి చెంప ఒకవైపు ఉబ్బి ఉంది. మాట్లాడినప్పుడల్లా నాలుక ఎందుకో తడబడుతోంది.

“అప్పుడు ఏమనిపించింది?”

“మంత్రం వదలగానే నోరంతా చేదెక్కింది. ఇప్పటికీ పోలేదు.”

“అయితే జబ్బు చేతిలో లేదు,” అన్నాడు శరభాంకుడు. “నోరు తెరవండి.”

మాంత్రికుడు కదల్లేదు. కళ్లు సన్నబడ్డాయి. కుడిచెయ్యి మెల్లగా దవడ మీదికి పోయింది, అక్కడేదో దాచుకున్నవాడిలా.

“మీకు ఇష్టం లేకపోతే పోతాం,” అన్నాడు బసివన్న వెనకనుంచి, జోలె భుజాన వేసుకుంటూ. “నాలుక చూడకుండా మందివ్వడం మా వంశంలో లేదు. రేపటికి మోచెయ్యి, ఎల్లుండికి భుజం. రా రా అబ్బాయ్.”

శరభాంకుడు చెయ్యి వదిలేసి సగం లేచాడు.

“ఆగు,” అన్నాడు ఉలూకాక్షుడు. ఏ రాజు ముందూ తల వంచనివాడు పీఠం మీంచి ముందుకు వంగి, చిన్నపిల్లవాడిలా నోరు తెరిచాడు. ముంగిస పళ్ల లాంటి సన్నని పళ్లు రెండు వరసలు. వాటి వెనుక వాచిన నాలుక. నాలుక అంచున ఏదో నీలంగా మినుకుమంది.

శరభాంకుడు ఇంకా దగ్గరికి వంగాడు. నాలుక కింద చింతగింజంత నీలపు గుళిక ఒకటి ఉంది. అది వెలిగినప్పుడల్లా మణికట్టు దగ్గరి ఎర్రగీత వెలుగుతోంది. అది ఆరినప్పుడల్లా గీత ఆరుతోంది. రాతిమంత్రం కట్టుబడి ఉన్నది అందులోనే. దూరంగా, ఉత్తర ద్వారం వైపునుంచి, రాళ్లన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు సన్నని చప్పుడు వచ్చింది. బసివన్న కూడా దాన్ని విన్నాడు. అతని చెయ్యి శరభాంకుడి వీపు మీద వాలి, అక్కడే ఉండిపోయింది.

“నాలుక ఇంకాస్త పైకెత్తండి,” అన్నాడు శరభాంకుడు, ఆ గుళికను లాగెయ్యడానికి రెండు వేళ్లు నోట్లోకి పోనిస్తూ.

మాంత్రికుడి పళ్లు ఆ వేళ్లను తాకాయి.